సనదు దాటిన తర్వాత

మరో మూడు వారాల్లో నా శిక్షణ ముగుస్తుంది. లండన్‌లో ఒక బారిస్టర్ల ఛాంబర్‌లో ఏడాది కాలంగా నేను ‘ప్యూపిల్’ని. మన కోర్టుల భాషలో చెప్పాలంటే సీనియర్ దగ్గర జూనియర్‌ని. గడువు తీరేలోగా ఛాంబర్ సభ్యులంతా సమావేశమై నన్ను తమలో ఒకరిగా ఉంచుకోవాలో వద్దో ఓటు వేసి తేలుస్తారు. తెనాలి నిమ్మకాయల యార్డులో ముప్పై ఏళ్లు బస్తాలు మోసిన మా నాన్న ప్రతి ఆదివారం ఫోన్లో ఒకే ప్రశ్న వేస్తాడు: ‘‘ఏం తల్లీ, బారిస్టరువి అయిపోయినట్టేనా?’’ కాగితం మీద నిరుడే అయ్యానంటాను. ‘‘కాగితం వచ్చాక ఇంక వాళ్ల ఓటు దేనికి?’’ అంటాడు. చదువు లేని మనిషి అడిగిన ఈ ప్రశ్న చిన్నది కాదు. వందేళ్ల కిందట ఇదే నగరంలో ఇదే కాగితం అందుకుని బొంబాయి వెళ్లిన ఒక బారిస్టరుకూ ఇదే ప్రశ్న ఎదురైంది. చదువు, పరీక్ష, పట్టా ఒక తలుపును తెరుస్తాయి. ఆ లోపల ఇంకొక తలుపు ఉంది. దాన్ని మనుషులే తెరవాలి. కులం కాపలా కాసేది ఆ రెండో తలుపు దగ్గర.

ఇంగ్లండ్, వేల్స్‌లలో న్యాయవాద వృత్తి రెండు శాఖలుగా ఉంటుంది. కక్షిదారు మొదట వెళ్లేది సొలిసిటర్ దగ్గరికి. కోర్టులో నిలబడి వాదించేందుకు సొలిసిటర్ ఒక బారిస్టర్‌ను ఎంచుకుని కేసు కాగితాలు పంపుతాడు. ఆ కాగితాల కట్టనే ‘బ్రీఫ్’ అంటారు. బారిస్టర్ కావాలంటే న్యాయశాస్త్రం చదవాలి, బార్ శిక్షణ కోర్సు పూర్తిచేయాలి, లండన్‌లోని నాలుగు ‘ఇన్’లలో ఒకదానిలో సభ్యత్వం పొందాలి. ఆ ఇన్ ‘కాల్’ చేసిన రోజున బారిస్టర్ అనే పేరు వస్తుంది. వచ్చేది పేరు మాత్రమే, వాదించే అధికారం కాదు. అందుకు కనీసం ఏడాది ప్యూపిలేజ్ చేయాలి. మొదటి ఆరు నెలలు సీనియర్ వెంట తిరిగి నేర్చుకోవడం, తర్వాతి ఆరు నెలలు సొంతంగా కోర్టులో నిలబడడం. ఏటా వేలమంది దరఖాస్తు చేస్తే దొరికేవి కొన్ని వందల స్థానాలే. గుంటూరు జిల్లాలో ఒక మాదిగపల్లెలో పుట్టి, సాంఘిక సంక్షేమ గురుకులంలో పెరిగి, రాష్ట్రంలోనే ఎల్.ఎల్.బి. చేసి, ఇక్కడి ఇన్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తోనూ బ్యాంకు అప్పుతోనూ నేను ఈ మెట్లెక్కాను. అప్పు ఇంకా తీరలేదు.

ఈ మెట్లన్నిటిలో మనవాళ్లకు విచిత్రంగా తోచేది భోజనం. పూర్వం బారిస్టర్ విద్యార్థి పరీక్షలు రాయడంతోపాటు పన్నెండు టర్ముల పాటు తన ఇన్‌లో విందులకు హాజరు కావలసి ఉండేది. తినకపోతే పట్టా లేదు. భోజనశాలలో నలుగురు నలుగురు ఒక జట్టుగా కూర్చుంటారు. 1888లో సముద్రం దాటినందుకు గాంధీని ఆయన కులపెద్దలు వెలివేశారు. 1891లో బారిస్టరై తిరిగి వచ్చాక నాసిక్‌లో ప్రాయశ్చిత్త స్నానం చేసి, రాజ్‌కోట్‌లో కులస్థులకు విందు ఇవ్వవలసి వచ్చింది. ఇన్ భోజనాల్లో నలుగురికి రెండు సీసాల ద్రాక్షసారా ఇచ్చేవారనీ, తాను ముట్టడు కనుక తనను తమ జట్టులో చేర్చుకోవడానికి అందరూ పోటీ పడేవారనీ ఆయనే రాసుకున్నారు. మన ఊళ్లలో పక్క పంక్తిలో విస్తరి వేయడానికి నిరాకరించిన సమాజం, న్యాయవాద వృత్తి కోసం తన కొడుకులను పరాయివారి పంక్తిలో కూర్చోబెట్టింది. తిరిగి రాగానే శుద్ధి చేసుకుంది.

అంబేద్కర్ 1916లో గ్రేస్ ఇన్‌లో చేరారు. బరోడా సంస్థానం ఇచ్చిన విద్యార్థి వేతనం గడువు తీరడంతో 1917లో చదువు మధ్యలో వదిలి స్వదేశం వెళ్లారు. బొంబాయిలో అధ్యాపకుడిగా కూడబెట్టుకున్న సొమ్ముతో, సాహు మహారాజ్ వంటివారి సాయంతో 1920లో తిరిగి వచ్చి, 1922లో బారిస్టర్ అయ్యారు. రాజద్రోహం కేసులో శిక్షపడిన గాంధీ పేరును ఇన్నర్ టెంపుల్ తన జాబితా నుంచి కొట్టివేసింది కూడా ఆ సంవత్సరమే. 1988లో గాని ఆ పేరును తిరిగి చేర్చలేదు. గ్రేస్ ఇన్‌లో 2021 నుంచి అంబేద్కర్ పేరిట ఒక గది ఉంది, ఆయన చిత్రపటం ఉంది. నన్ను కాల్ చేసింది కూడా ఆ ఇన్నే. ఆ రాత్రి పటం ముందు నిలబడి ఫోటో తీయించుకుని నాన్నకు పంపాను. దాన్ని యార్డులో అందరికీ చూపించాడట.

అయితే చిత్రపటం సగం కథే చెబుతుంది. మిగతా సగం తెలియాలంటే మన తెలుగు బారిస్టర్ టంగుటూరి ప్రకాశాన్ని పక్కన పెట్టి చూడాలి. ప్రకాశం కలవారి బిడ్డ కాదు. తల్లి ఒంగోలులో పూటకూళ్లిల్లు నడిపి ఆయనను చదివించింది. రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా పేరు తెచ్చుకున్నా మద్రాసు హైకోర్టులో వాదించే అర్హత లేకపోవడంతో 1904లో ఇంగ్లండ్ వెళ్లి, 1907లో బారిస్టరై వచ్చారు. మద్రాసులో ప్రాక్టీసు పెట్టాక కేసులు వెల్లువెత్తాయి. జాతీయోద్యమం కోసం ఆయన వదులుకున్నది లక్షణమైన రాబడి గల ప్రాక్టీసు. అంబేద్కర్ బొంబాయి హైకోర్టులో ప్రాక్టీసు పెట్టింది 1923లో. సనదు రుసుముకు డబ్బు లేక మిత్రుడు నావల్ భథేనా ఇచ్చిన అప్పుతో కట్టారు. కొలంబియాలో చదువు, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ డాక్టరేటు, గ్రేస్ ఇన్ పట్టా ఉన్నా సొలిసిటర్లు ఆయనకు బ్రీఫ్‌లు ఇవ్వలేదు. ఇల్లు గడవడానికి అకౌంటెన్సీ విద్యార్థులకు వాణిజ్య చట్టం పాఠాలు చెప్పవలసి వచ్చింది. ప్రకాశానికీ పేదరికం ఉంది, అంబేద్కర్‌కూ ఉంది. ఇద్దరికీ బారిస్టర్ పట్టా ఉంది. కనుక తేడా పేదరికంలో లేదు, ప్రతిభలో లేదు. కాగితాల కట్ట పంపే చేతికి ఒకరి కులం అడ్డు రాలేదు, మరొకరి కులం అడ్డు వచ్చింది.

ఎవరూ ఆయనను కోర్టు గుమ్మం బయట నిలబెట్టలేదు. ‘నీకు కేసు ఇవ్వం’ అని ఎవరూ రాసి ఇవ్వలేదు. ఇవ్వలేదు, అంతే. ఇవ్వకపోవడం అనే పనికి సాక్ష్యం ఉండదు. వివక్షల్లో పట్టుకోవడానికి అతి కష్టమైనది ఇదే.

ఇంగ్లండ్ బార్‌కు గర్వకారణమైన నియమం ఒకటి ఉంది. అద్దెబండ్ల వరుసలో ముందున్న బండి, వచ్చిన ప్రయాణికుడిని కాదనడానికి వీల్లేనట్టే, తనకు తెలిసిన రంగంలోని కేసు వచ్చినప్పుడు, తీరిక ఉండి, తగిన ఫీజు ఇస్తున్నప్పుడు, కక్షిదారు నచ్చలేదని బారిస్టర్ నిరాకరించకూడదు. మొదటి తరగతిలో ఈ పాఠం విన్నప్పుడు పొంగిపోయాను. మా వాడ తరఫున వకాలతు వేయడానికి వెనుకాడిన ప్లీడర్లు గుర్తొచ్చి, ఇలాంటి నియమం మనకూ ఉంటేనా అనుకున్నాను. ఏడాది పనిచేశాక దాని రెండో ముఖం కనిపించింది. నియమం బండివాడిని కట్టడి చేస్తుంది, ప్రయాణికుడిని చేయదు. ఎవరి బండి ఎక్కాలో, ఎవరిది ఎక్కకూడదో ప్రయాణికుడి ఇష్టం.

నా రెండో ఆరునెలల్లో ఒక తెలుగు సొలిసిటర్ సంస్థ నుంచి మా ఛాంబర్‌కు వచ్చిన పనిలో నాలుగు చిన్న విచారణలు నాకు దక్కాయి. అద్దె బకాయి పడి ఇల్లు ఖాళీ చేయవలసిన స్థితిలో ఉన్నవారి కేసులు. రెండింటిలో గడువు ఇప్పించగలిగాను. తెలుగమ్మాయి బాగా వాదిస్తున్నదని ఆయన మెచ్చుకున్నారు. ఉగాది సమావేశానికి పిలిచారు. పులిహోర తింటుండగా అడిగారు: ‘‘ఏ ఊరమ్మా మీది?’’ చెప్పాను. ‘‘ఇంటిపేరు?’’ చెప్పాను. ‘‘ఊళ్లో ఎటువైపు?’’ మన ప్రాంతం వాళ్లకు ఈ మూడో ప్రశ్న అర్థం వివరించనక్కర్లేదు. అదీ చెప్పాను. ఆయన చిరునవ్వు చెదరలేదు. ‘‘చాలా సంతోషం, పైకి రావాలి’’ అన్నారు. ఆ తర్వాతి వారం మా క్లర్కు కొంత ఇబ్బందిగా చెప్పాడు, ఆ సంస్థవారు ఇకమీదట ఇంకెవరినైనా పంపమన్నారని. కారణం చెప్పలేదట.

ఇది రుజువు కాదు. న్యాయవాదిగా ఆ మాట ముందు నేనే అనాలి. వారికి నా వాదన నచ్చకపోయి ఉండవచ్చు, ఇంకేదైనా కారణం ఉండవచ్చు. అయితే ఇలాంటి సందేహాన్ని తేల్చడానికే ఇక్కడ ఒక ఏర్పాటు ఉంది. ఎవరి పేరూ చెప్పకుండా ఛాంబర్‌కు వచ్చే పనిని క్లర్కులు ఎవరెవరికి ఇస్తున్నారో ఛాంబర్లు ఎప్పటికప్పుడు సమీక్షించాలని బార్ నియంత్రణ సంస్థ నిబంధన. స్త్రీలకు, నల్లజాతివారికి, ఆసియా సంతతివారికి ఒకే అనుభవం ఉన్నా తక్కువ పని, తక్కువ రాబడి దక్కుతున్నాయని బార్ స్వయంగా లెక్కలు తీసి ఒప్పుకున్నది. నెలాఖరున నా సూపర్‌వైజర్ ఆ పట్టిక ముందుంచుకుని కూర్చుంది. ఉగాది సంగతి చెప్పాను. శ్రద్ధగా విని, ‘‘దీన్ని ఏ గడిలో రాయమంటావు?’’ అని అడిగింది. పట్టికలో లింగం ఉంది, జాతి ఉంది, వైకల్యం ఉంది. జాతి గడిలో ‘ఆసియన్, ఇండియన్’ అని ఉంది. ఆ గడిలో నేనున్నాను. ఆ సొలిసిటరూ ఉన్నాడు. మా ఇద్దరినీ ఒకే గడిలో కూర్చోబెట్టిన కాగితానికి మా ఇద్దరి మధ్య ఉన్న దూరం కనిపించదు.

ఈ చూపులేనితనం వ్యక్తిది కాదు, చట్టానిది. బ్రిటన్ సమానత్వ చట్టం 2010లో వచ్చినప్పుడు, కులాన్ని జాతి నిర్వచనంలో చేర్చే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చారు. 2013లో పార్లమెంటు ఆ అధికారాన్ని విధిగా మార్చింది. చేర్చవచ్చు అన్నది చేర్చాలి అయింది. కొన్ని హిందూ సంస్థలు గట్టిగా వ్యతిరేకించాయి, దళిత సంఘాలు గట్టిగా కోరాయి. చివరికి 2018 జూలైలో ప్రభుత్వం, చట్టంలో కులాన్ని ప్రత్యేకంగా చేర్చబోమనీ, కోర్టు తీర్పులు చాలుననీ ప్రకటించింది. ఆ తీర్పుల్లో ముఖ్యమైనది తిర్కీ కేసు. బిహార్ నుంచి ఇంటిపనికి తెచ్చిన ఒక ఆదివాసీ స్త్రీ చేత నాలుగేళ్లకు పైగా గొడ్డుచాకిరీ చేయించుకుని గంటకు 11 పెన్నీల లెక్కన ఇచ్చారు. కులం కొన్ని సందర్భాల్లో ‘జాతి మూలాల’ కిందికి రావచ్చునని 2014లో అప్పీలు ట్రిబ్యునల్ చెప్పింది. 2015లో ఆమెకు లక్షా 83 వేల పౌండ్లకు పైగా వేతన బకాయి దక్కింది. గొప్ప విజయం. కానీ అది రావచ్చు అన్న తీర్పు, వస్తుంది అన్న చట్టం కాదు. పనివాడు ప్రతిసారీ తన కులం ఆ నిర్వచనంలోకి వస్తుందని మొదట నిరూపించుకోవాలి. అన్యాయం సంగతి ఆ తర్వాత. చట్టంలో పేరు లేనిదానికి పట్టికలో గడి ఉండదు.

ఇక్కడి లోపం ఎంచి, మన దగ్గర అంతా బాగుందని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఇక్కడ ఒక గడి లేదు, మన దగ్గర పట్టికే లేదు. లండన్ రాకముందు మా ప్రాంతంలోని ఒక కోర్టులో తొమ్మిది నెలలు జూనియర్‌గా తిరిగాను. నా మార్కులు ఎవరూ అడగలేదు. ‘‘ఎవరి తాలూకమ్మా?’’ అన్నదే అందరూ అడిగింది. చివరికి చేర్చుకున్న సీనియర్ కట్టలు మోయనిచ్చారు, వాయిదాలు అడగనిచ్చారు. వకాలతులో పేరు రాయనివ్వలేదు. జీతం ఊసు లేదు. ‘‘అట్రాసిటీ కేసులొస్తే నీకే ఇస్తాలే’’ అన్నారు దయగా. భాగపంపకాలు, తనఖాలు, భూమి హద్దుల దావాలు మాత్రం ఆయన సొంతవారి పిల్లలకు వెళ్లేవి. కోస్తా కోర్టుల్లో ప్లీడరును నిలబెట్టేది సివిల్ దావాయే. భూమి ఉన్నచోట దావా ఉంటుంది, దావా ఉన్నచోట ఫీజు ఉంటుంది. భూమి ఏ కులం చేతిలో ఉందో, దావా ఆ కులపు ప్లీడరు దగ్గరికి నడిచి వెళుతుంది. రిజర్వేషన్ నన్ను లా కాలేజీ దాకా తెచ్చి అక్కడ ఆగింది.

నేను న్యాయవాదిని కావాలనుకున్నది చుండూరు వల్ల. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిదిమంది దళితులను నరికి చంపారు. విచారణ కోసం ఆ ఊళ్లోనే ప్రత్యేక న్యాయస్థానం పెట్టారు. 2007 జూలై 31న తీర్పు వచ్చేనాటికి నాకు పదేళ్లు. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష. ఆ రోజు మా పల్లెలో పెద్దవాళ్లు ఏడవడం చూశాను. సంతోషానికి కూడా అలా ఏడుస్తారని అప్పుడే తెలిసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. ఇంటర్ చదువుతున్న నేను ఆ రాత్రే లా చదవాలని నిర్ణయించుకున్నాను. కారంచేడు హత్యాకాండ జరిగినప్పుడు బొజ్జా తారకం ప్రభుత్వ ప్లీడరు పదవిని వదులుకుని బాధితుల వైపు నిలబడిన సంగతి మా ఊళ్లో కథలా చెప్పుకునేవారు. అలాంటివారిని గౌరవిస్తూనే ఒకమాట అడగాలి. బాధితులకు న్యాయం ఒక వ్యక్తి త్యాగం మీద ఎంతకాలం ఆధారపడాలి? త్యాగం చేయకుండానే, నాలుగు సివిల్ కేసులతో ఇల్లు గడుపుకుంటూ, ఐదో కేసుగా అట్రాసిటీ కేసు వాదించగల దళిత న్యాయవాదులు ప్రతి జిల్లా కోర్టులో ఎప్పుడు ఉంటారు?

కొన్ని గోడలు కదులుతున్నాయి. చట్టం ప్రకారం న్యాయవాదిగా నమోదు రుసుము 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125. రాష్ట్రాల బార్ కౌన్సిళ్లు రకరకాల పేర్లతో వేలకు వేలు వసూలు చేస్తూ వచ్చాయి. అది చెల్లదని 2024 జూలై 30న గౌరవ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నూరేళ్ల కిందట అంబేద్కర్ అప్పు చేసి కట్టిన సనదు రుసుము ఈనాటి దళిత విద్యార్థికి 125 రూపాయలకు దిగింది. మొదటి తలుపు బాగానే తెరుచుకుంది. 2025 మేలో అదే సుప్రీంకోర్టు, జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలన్న నిబంధనను పునరుద్ధరించింది. అనుభవం లేని న్యాయమూర్తులు వద్దన్న వాదనలో నిజముంది. కానీ ఆ మూడేళ్లు ఎవరి ఆఫీసులో, ఏ జీతం మీద గడవాలి? జూనియర్లకు నెలకు పట్టణాల్లో 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వాలని 2024లో భారత బార్ కౌన్సిల్ చెప్పింది గాని అది సిఫారసు మాత్రమే. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో జూనియర్లకు నెలకు 5 వేలిచ్చే పథకం వచ్చింది. పథకం ప్రభుత్వ దయ, హక్కు కాదు.

ఇంగ్లండ్‌లో కూడా ఒకప్పుడు శిష్యుడే గురువుకు వంద గినీలు కట్టి నేర్చుకునేవాడు. తమకు కనీస వేతనం ఇవ్వాలని ఒక ప్యూపిల్ వేసిన కేసు 2000లో అప్పీలు కోర్టులో ఓడిపోయింది. అయినా ఆ చర్చ ఆగలేదు. 2003 నుంచి జీతం లేని ప్యూపిలేజ్‌ను బార్ నిషేధించింది. 2024లో లండన్‌లో ఆ కనీస మొత్తం ఏడాదికి 23 వేల పౌండ్లకు పైనే. స్థానాలను బహిరంగంగా ప్రకటించాలి. నా వంటి హమాలీ కూతురు ఈ గది దాకా రాగలిగింది ఆ రెండు నియమాల వల్లే.

ప్రతిభ ఉంటే పని అదే వస్తుంది, కోర్టుల్లోకి కులాన్ని లాగవద్దు అనే పెద్దమనుషులున్నారు. 2018 నుంచి నియమితులైన 715 మంది హైకోర్టు న్యాయమూర్తుల్లో 22 మంది ఎస్సీలు, 16 మంది ఎస్టీలు, 89 మంది ఓబీసీలు అని 2025 మార్చిలో కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. హైకోర్టు న్యాయమూర్తుల్లో ఎక్కువమందిని పేరున్న న్యాయవాదుల నుంచే ఎంపిక చేస్తారు. పేరు కేసుల వల్ల వస్తుంది. కేసులు రెండో తలుపు వెనుక ఉన్నాయి. బెంచి మీద కనిపించే లోటు పాతికేళ్ల కిందట ఏదో ఆఫీసులో ఒక జూనియర్‌కు అందని వకాలతుతో మొదలవుతుంది. అందుకే మన బార్ కౌన్సిళ్లు జూనియర్ స్థానాలను బహిరంగంగా ప్రకటింపజేయాలి, కనీస వేతనాన్ని సిఫారసుగా కాక నిబంధనగా మార్చాలి. హైకోర్టుల్లో ప్రభుత్వ ప్లీడర్లుగా, ప్రభుత్వ రంగ సంస్థల ప్యానెల్ న్యాయవాదులుగా ఎవరెవరిని తీసుకున్నారో, ఎవరికి ఎన్ని కేసులిచ్చారో సామాజిక వర్గాల వారీగా ప్రభుత్వాలు ఏటా ప్రకటించాలి. అది ప్రజాధనంతో ఇచ్చే పని. లెక్క అడిగే హక్కు మనకుంది. లా చదువుతున్న మన విద్యార్థులు ఉద్యమించవలసింది సీటు కోసమే కాదు, ఈ లెక్క కోసం కూడా.

నా వంతు లెక్క నిన్న రాసిచ్చాను. సూపర్‌వైజర్ అడిగిన ప్రశ్నకు నాలుగు వారాలు జవాబు చెప్పలేదు. మా ఛాంబర్‌కు ఆ సంస్థ పంపే పని తక్కువేమీ కాదు. ఓటింగు ముందు ఇలాంటి కాగితం పెడితే కొందరు సభ్యులు నొసలు చిట్లిస్తారని తెలుసు. ఓటింగు అయ్యాక ఇస్తే మంచిదని స్నేహితులు చెప్పారు. నాకూ అలాగే అనిపించింది. కానీ అప్పుడిస్తే, నన్ను ఉంచుకుంటే మొహమాటం నోరు నొక్కుతుంది, పంపేస్తే అక్కసు అంటారు. తేదీలు, విచారణల వివరాలు, మూడు ప్రశ్నలు, క్లర్కు చెప్పిన మాట ఉన్నవున్నట్టు రెండు పేజీల్లో రాసి, పట్టికలో కులానికి ఒక గడి చేర్చాలని కోరి సంతకం పెట్టాను.

రాత్రి ఫోన్లో నాన్నకు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. ఓటు పోతుందేమోనని భయపడుతున్నాడనుకుని, ‘‘పోతే మన కోర్టుకే వస్తాలే నాన్నా’’ అన్నాను.

‘‘అది కాదు తల్లీ. ఆ కాగితానికి నకలు తీసి పెట్టుకున్నావా?’’ అని అడిగాడు.

తీసి పెట్టుకున్నాను.